మధ్యాహ్నం పడుకోండి, తెల్లారేదాకా తిరగండి

శని, ఆదివారాలకి స్నేహితులంతా కలిసి హైదరాబాద్ బయల్దేరుతున్నారా? అయితే నా మొదటి మాట: సికింద్రాబాద్‌లో దిగకండి. అక్కడ బోగీ సగం ఖాళీ అవుతుంది, మీ ఎదుటి బెర్తు ఆయన కూడా సంచి భుజానికి తగిలించుకుంటాడు. మీరు మాత్రం కదలకుండా నాంపల్లి దాకా కూర్చోండి. మేం రాజమండ్రిలో రాత్రి ఎక్కే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారగట్ల సికింద్రాబాద్ చేరుతుంది, ఇంకాసేపటికి నాంపల్లిలో దాని ప్రయాణం అయిపోతుంది. చలికాలమైతే అప్పటికింకా మసక చీకటే. దిగాక లాడ్జికి వెళ్లకండి. ముఖం కడుక్కుని, సంచులు క్లోక్ రూములో పెట్టి (తాళం లేని సంచి తీసుకోరు, చిన్న తాళం ఇంటి దగ్గరే వేసుకోండి), ఆటో ఎక్కి చార్మినార్ అనండి. "ఇంత పొద్దుగాల ఆడ ఏముంటదన్నా, అన్నీ బందే ఉంటయ్" అంటాడు ఆటో అతను. ఆయన చెప్పింది నిజమే. అన్నీ మూసి ఉంటాయి కాబట్టే ఆ వేళకి వెళ్లమంటున్నాను.

పదిమందికి చెబితే తొమ్మిదిమంది వద్దనే సలహా ఇదని నాకు తెలుసు. ప్రయాణం చేసొచ్చారు, స్నానం చేసి, కాస్త నడుం వాల్చి, టిఫిన్ తిని పదింటికి బయల్దేరండి అంటారు. మేం ఐదుగురం మొదటిసారి వెళ్లినప్పుడు అలాగే చేశాం. ఒక వ్యాను మాట్లాడుకున్నాం, కాగితం మీద పదకొండు చోట్లు రాసుకున్నాం. పదిన్నరకి బయటపడ్డాం. నగరం మొత్తం మాతోపాటే బయటపడింది. ఆ రెండు రోజుల్లో చూసినవాటికంటే వ్యాను అద్దంలోంచి ముందు బండి వెనక నంబరు ప్లేటు చూసిన సమయమే ఎక్కువ. ఏడాదికోసారి కలుసుకునే వాళ్లం, వ్యానులో ఒకళ్ల తర్వాత ఒకళ్లం నిద్రపోయాం. తిరిగొచ్చాక ఫొటోలున్నాయి గానీ, ఒకళ్లతో ఒకళ్లం ఏం మాట్లాడుకున్నామో ఎవరికీ గుర్తులేదు. ఆ బాధతోనే మరుసటి ఏడాది గడియారం తలకిందులు చేశాం. అప్పట్నుంచి అదే పద్ధతి.

ఈ ఊరు ఎండలో పని చేస్తుంది. మనుషులతో మాట్లాడేది తెల్లారుజామున, అర్ధరాత్రి. వచ్చేది మాట్లాడుకోవడానికైనప్పుడు ఆ వేళల్లోనే మేలుకుని ఉండాలి, మిగతా వేళల్లో పడుకోవాలి. నా సలహాలన్నిటికీ మూలం ఇంతే.

మక్కా మసీదు పక్కన, చార్మినార్‌కి ఎదురుగా నిమ్రా కేఫ్ ఉంది. తెల్లవారకముందే తెరుస్తారు. గల్లా దగ్గర టోకెన్ తీసుకుని నిలబడే తాగాలి. ఇరానీ చాయ్ ఎలా కలుపుతారో ఒక్క ఐదు నిమిషాలు గమనించండి. డికాక్షన్ ఒక గిన్నెలో, పాలు ఇంకో గిన్నెలో. మన ఇళ్లలోలా రెండూ కలిపి మరిగించరు. పాలు గంటలకొద్దీ సన్నసెగ మీద మగ్గి చిక్కబడి, పైన మీగడ కట్టి ఉంటాయి. కప్పులో ముందు డికాక్షన్ పోసి, మీద పాలు వంచుతాడు. ఆ పాల తీపికి డికాక్షన్ వగరు తగిలి రుచి నిలబడుతుంది. పక్కనే పళ్లెంలో ఉస్మానియా బిస్కెట్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన ఈ బిస్కెట్టులో ఉప్పూ తీపీ రెండూ ఉంటాయి. చాయ్‌లో ముంచి లోపల రెండంకెలు లెక్కపెట్టేలోపు నోట్లో పెట్టుకోవాలి, లేకపోతే విరిగి అడుక్కి దిగిపోతుంది.

ఆ కప్పు పట్టుకుని రోడ్డు వైపు తిరగండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ అప్పుడు మసకలోంచి బయటికొస్తూ ఉంటుంది. ముందు మినార్ల కొనలు, తర్వాత కమాన్లు, చిట్టచివర గచ్చు మీది పూల నగిషీ. జనం లేరు కాబట్టి దాని పాదాలు కనబడతాయి. పగలు వచ్చినవాళ్లకి బండ్లు, గొడుగులు, తలలు అడ్డొచ్చి ఈ కట్టడం గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. నేలమీద ఎంత నిబ్బరంగా నిలబడిందో తెల్లారుజామున చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎదురుగా పావురాలు ఒక్కసారిగా లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలతాయి. చార్మినార్ మీదికి ఎక్కే టికెట్టు కోసం ఆగకండి. పైకెక్కితే ఊరు కనబడుతుంది, చార్మినార్ కనబడదు.

తర్వాత నహారీ. ఉదయం తినేదని పేరులోనే ఉంది. అరబ్బీలో నహార్ అంటే పగలు. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన ఎముకల పులుసు, అందులో కాళ్లు కావాలంటే పాయా, నాలుక కావాలంటే జబాన్ అని అడగాలి. నయాపూల్, మదీనా వైపు హోటళ్లలో పొద్దున్నే దొరుకుతుంది. "పొద్దున్నే మాంసమా, కడుపు పాడవుతుంది" అని మాలో ఒకతను రెండేళ్లు ఇడ్లీ వెతుక్కున్నాడు. మూడో ఏడు మా పళ్లెంలో కుల్చా ముక్క ముంచి చూశాడు, ఆ రోజు నుంచి ఆయనే ముందు లేస్తాడు. మాంసం తిననివాళ్లుంటే వాళ్లని మీ వెనక ఊరికే తిప్పకండి. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి దోసె కోసమే పొద్దున జనం వరసలో నిలబడే చోటుంది. అందరూ కలిసి అక్కడికి నడిచి వెళ్లండి. దోసె అందరూ తినొచ్చు కదా.

ఇక్కడే ఇంకో మాట. ఎక్కడా మనిషికొక పళ్లెం చెప్పకండి. వన్ బై టూ, వన్ బై త్రీ అనండి. హైదరాబాద్ హోటళ్లలో ఆ మాటకి ఎవరూ మొహం చిట్లించరు, అడక్కుండానే ఖాళీ కప్పు పక్కన పెడతారు. ఆకలి తీరేదాకా తింటే తర్వాతి చోట ఏమీ తినలేరు. పగలంతా అరాకలితో తిరిగి, మధ్యాహ్నం ఒక్కసారి మాత్రం కడుపునిండా తినాలి.

పదింటికి సాలార్‌జంగ్ మ్యూజియం తెరుస్తారు (శుక్రవారం సెలవు, మీకు ఆ బాధ లేదు). అందులో మూడే చూడండి. ఒకటి, ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా. పాలరాతిలో పల్చటి ముసుగు, ముసుగు వెనక ముఖం. తడిసిన పంచె ఒంటికి అంటుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ రాయి. రెండు, ముందు నుంచి మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో మార్గరెట్టాగా కనబడే ఒకే కొయ్య బొమ్మ. మూడు, గడియారం. పన్నెండుకి అక్కడ ఉండండి. ఒంటిగంటకి వెళితే ఒక్క దెబ్బే. పన్నెండుకైతే గడ్డం ఉన్న ఒక చిన్న బొమ్మమనిషి తలుపు తోసుకుని బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొడతాడు. పెద్దవాళ్లూ పిల్లలూ బెంచీల మీద కూర్చుని సినిమా మొదలవడానికి ముందులా గుసగుసలాడుకుంటూ ఉంటారు, బొమ్మ రాగానే అంతా నిశ్శబ్దం. మాలో యాభై దాటిన ఒకాయన ప్రతి ఏడూ దెబ్బలు పైకి లెక్కపెడతాడు. మిగతా గదులు వదిలేసి బయటికొచ్చేయండి. నలభైవేల వస్తువులు చూశానని చెప్పుకోవడం కంటే మూడు బొమ్మలు కంటికి అతుక్కుని ఉండటం మేలు.

ఒంటిగంటకి బిర్యానీ. రాత్రి తినకండి. రాత్రి బిర్యానీ అంటే ఏ వేళ దించినదో తెలియదు, పైగా తిన్నాక కళ్లు మూతలు పడతాయి, మీ రాత్రంతా పాడవుతుంది. మధ్యాహ్నం పూట హండీ అప్పుడే తెరుస్తారు. ఇక్కడిది కచ్చి బిర్యానీ. మసాలా పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన, మూతకి పిండి పట్టించి దమ్ము మీద పెడతారు. రెండూ ఒకేసారి ఉడికి రావాలి, మధ్యలో మూత తీసి చూడ్డానికి లేదు, అదే దాని కష్టం. పెద్ద పేరున్న హోటలు ముందు గంటసేపు నిలబడకండి. పాతబస్తీలో జనం భోజనానికి నిండిపోయే హోటలు ఏదైనా సరే, మొదటి హండీ దిగే వేళకి వెళితే చాలు. పళ్లెం అడుగునుంచి తవ్వి పెట్టమని అడగండి, మసాలా అక్కడుంటుంది. మిర్చీ కా సాలన్‌లో ముంచుకోండి గానీ పోసుకోకండి, అన్నం తడిసి ముద్దవుతుంది. ఇక్కడ మాత్రం వన్ బై టూ వద్దు. కడుపునిండా తినండి, ఎందుకంటే ఇప్పుడు పడుకోబోతున్నారు.

ఇప్పుడు లాడ్జి. నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాల్లో ఇరవైనాలుగు గంటల చెకౌట్ ఉన్న లాడ్జిలు ఉన్నాయి. పొద్దున ఆరింటికి గది తీసుకుంటే మర్నాడు ఆరింటికి ఖాళీ చేయాలి, లేదా రెండో రోజు అద్దె కట్టాలి. శనివారం మధ్యాహ్నం రెండింటికి తీసుకుంటే ఆదివారం రెండింటి దాకా మీదే. ఒక్క రోజు అద్దెతో రెండు నిద్రలు. పొద్దున్నే లాడ్జికి వెళ్లొద్దన్నది ఇందుకు కూడా. కానీ దిగేముందే రిజిస్టర్లో వేళ రాయించి, ఆ పేజీ ఫోనులో ఫొటో తీసుకోండి. ఒకసారి ఒక లాడ్జిలో మాకు ఇరవైనాలుగు గంటలని చెప్పి, మర్నాడు పన్నెండుకే తలుపు కొట్టారు. గుమాస్తా మారాడట, ఆయనకి తెలియదట. నిద్ర కళ్లతో గంటసేపు వాదించాల్సి వచ్చింది. వీధి శబ్దం వస్తుందని రోడ్డు వైపు గది వద్దనకండి. మధ్యాహ్నం బిర్యానీ తిన్నవాడికి ఏ శబ్దమూ వినబడదు.

ఆరింటిదాకా పడుకోండి. స్నానం చేయండి. అప్పుడు విడిపోండి.

స్నేహితులతో వచ్చి విడిపోవడమేమిటని మీరు అడుగుతారు. ప్రయాణం రెండో పూటకి ఏ గుంపులోనైనా మాటలు తగ్గుతాయి, ఎందుకంటే అందరూ చూసింది ఒక్కటే, చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. శనివారం సాయంత్రం రెండు గంటలు ఎవరి దారిన వాళ్లు వెళ్లండి, తొమ్మిదింటికి మొజంజాహీ మార్కెట్ గడియారం కింద కలుసుకోండి. మొన్నటిసారి మాలో ఒకతను లాడ్ బజార్ వెనక సందులో లక్కగాజు చేసేచోట కూర్చున్నాడు. బొగ్గుల కుంపటి దగ్గర లక్క మెత్తబరిచి, పాములా సాగదీసి, ముక్క కోసి, గుండ్రటి కొయ్య మీద చుట్టి అతికిస్తారట. వేడి తగ్గకముందే అద్దాల రాళ్లు ఒక్కొక్కటే గుచ్చాలట, చల్లారితే పట్టవు. 2024లో ఈ గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ ఆవిడకి టూ ఫోరా, టూ సిక్సా అని అడిగితే తెల్లమొహం వేసి, అక్కడినుంచే ఇంటికి ఫోన్ చేశాడట. పాతికేళ్ల కాపురంలో ఆవిడ గాజుల సైజు మొదటిసారి అడిగానని మాతో చెప్పినప్పుడు అతని గొంతు కాస్త మారింది. ఐదుగురం కలిసి వెళ్లి ఉంటే గాజులు కొని ఉండేవాళ్లం, ఆ మాట మాత్రం వినేవాళ్లం కాదు.

మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టిన నల్లరాతి కట్టడం. నిజాం రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. లోపల వరండాల్లో చేత్తో తిప్పి చేసే పళ్ల ఐస్‌క్రీం అమ్ముతారు. రాత్రి భోజనానికి ముందే తినండి. సీతాఫలం కాలమైతే వేరే రకం అడగనే వద్దు. తర్వాత ఆకలేస్తే రెండు రుమాలీ రొట్టెలు, లేకపోతే లేదు.

ఇక రాత్రి సరదా. పబ్బుకి వెళ్లాలనుంటే వెళ్లండి, కుర్రవాళ్లని నేను ఆపను. కానీ ఆ పూట విడిపోయే బదులు సాయంత్రమే వెళ్లి పదికల్లా బయటపడండి. శనివారం రాత్రి పన్నెండింటికి జూబ్లీహిల్స్ పబ్బులో పక్కనున్నవాడి చెవిలో అరిచినా వినబడదు. ఇంత దూరం వచ్చింది అరుచుకోవడానికి కాదు కదా. తాగినవాళ్లు ఏ బండీ ముట్టుకోకూడదు. శని, ఆదివారాల్లో పోలీసులు దారులన్నిటా గొట్టం పెట్టి ఊదిస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ భయం కంటే ముందు, ఎదుటివాడి ప్రాణం సంగతి ఆలోచించండి. ఆటోలు రాత్రంతా ఉంటాయి.

మా రాత్రి మాత్రం ట్యాంక్‌బండ్ మీద గడుస్తుంది. పదకొండు దాటాక హుస్సేన్ సాగర్ మీంచి గాలి మొదలవుతుంది, గట్టు మీద కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎదురుగా నీళ్ల మధ్య బుద్ధుడు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒక్క రాయి తొలిచి చేసిన 58 అడుగుల విగ్రహం. ఎన్టీ రామారావు సంకల్పించింది. 1990లో బార్జి మీద తీసుకెళ్తుంటే మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్లు చెరువు అడుగున ఉండి, 1992లో మళ్లీ లేచి నిలబడింది. మాలో ఒకాయన అప్పట్లో ఇక్కడ చదువుకునేవాడు. విగ్రహం పైకి తీసినప్పుడు గట్టు మీద ఎంత జనం ఉన్నారో, తన పక్కన ఎవరున్నారో, వాళ్లలో ఎవరు ఇప్పుడు లేరో ఆ గట్టు మీదే కూర్చుని మాకు చెప్పాడు. ముప్పై ఏళ్ల స్నేహంలో అప్పటిదాకా చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక, చేతిలో ఫోను లేనప్పుడు, ఎదురుగా నీళ్లున్నప్పుడు వచ్చే మాటలు పగలు రావు.

అందుకే ఆ రాత్రి ఫోన్లు గదిలో వదిలేయమంటాను. ఒక్కరి దగ్గర ఒక్కటి ఉంటే చాలు, ఆటో కోసం.

మూడు గంటలకి మళ్లీ మొజంజాహీ మార్కెట్ వైపు నడవండి. ఊరంతా పడుకున్నాక రామ్ కీ బండి దగ్గర పెనం వేడెక్కుతుంది. దోసె మీద వెన్న ముద్ద, ఉప్మా, కారప్పొడి, పైన చీజు కావాలంటే చీజు. డ్యూటీ దిగిన డాక్టర్లు, రాత్రి షిఫ్టు అయిన కుర్రాళ్లు, ఎయిర్‌పోర్టు నుంచి సరాసరి వచ్చినవాళ్లు అందరూ చేతుల్లో పళ్లేలతో నిలబడి ఉంటారు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఎక్కణ్నుంచి వచ్చారని అడగరు. ఆడవాళ్లే వెళ్తుంటే ఒక్క జాగ్రత్త: మా చెల్లెలు, తన స్నేహితురాళ్లు వెళ్లినప్పుడు రాత్రి మొత్తానికి ఒకే ఆటో మాట్లాడుకుని, ఎక్కడ దిగినా దాన్ని అక్కడే ఆపుకున్నారు. నాలుగు వందలో ఐదు వందలో ఎక్కువైంది, కానీ ఏ నిమిషంలోనూ బండి కోసం వెతుక్కోలేదు. రంజాన్ నెలలో వెళితే ఈ జాగ్రత్తలు అక్కర్లేదు. పాతబస్తీ మొత్తం సహరీ దాకా మేలుకునే ఉంటుంది, హలీం డేగిశాల ముందు ఆడా మగా పిల్లా పీచూ అందరూ ఉంటారు. వీలైతే ఆ నెలలోనే రండి.

డబ్బు సంగతి. బయల్దేరేముందే మనిషికింతని వేసుకుని ఒక్క పర్సులో పెట్టండి. ఆ పర్సు మీలో చేయి ధారాళమైనవాడికి ఇవ్వండి, లెక్క రాసేవాడికి కాదు. లెక్క రాసేవాడు ప్రతి హోటలు గుమ్మంలో ఆగి బోర్డు చదువుతాడు, పావుగంట పోతుంది, ఒకరి మొహం మాడుతుంది. ధారాళమైనవాడు ఎంత ఖర్చు పెట్టినా పర్సులో ఉన్నదే కదా పెట్టేది. మూడేళ్లుగా మా పర్సు ఊళ్లో అప్పులు చేసేవాడని పేరున్న మిత్రుడి దగ్గరే ఉంటోంది. ఒక్కసారీ తక్కువ పడలేదు, పైగా ప్రతిసారీ మిగిల్చాడు. నమ్మి చేతిలో పెడితే మనిషి ఎంత జాగ్రత్తపడతాడో అతన్ని చూసి తెలుసుకున్నాం.

గోల్కొండకి వెళ్లకండి. ఇది చెప్పినప్పుడల్లా నాతో గొడవపడతారు. ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు ముట్టడిస్తే గానీ లొంగని కోట అది. కోట గుమ్మం కింద చప్పట్లు కొడితే కొండకొన మీద బాలాహిసార్‌లో వినబడుతుంది, రామదాసు చెర గోడలున్నాయి, పక్కనే కుతుబ్ షాహీ సమాధులున్నాయి. నాకు ఆ కోటంటే ప్రాణం. అందుకే అరపూటలో ముగించేయొద్దంటున్నాను. దానికోసమే ఇంకోసారి రండి, కొండ దిగడానికి తొందర లేని రోజు.

ఆదివారం పదకొండుకి లేవండి. కొట్లు సెలవు కాబట్టి ఆబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలు పరుస్తారు. మిగతా ఆరు రోజులూ ఆ చోటు పుస్తకాలవాళ్లకి దొరకదు. భోజనం బదులు ఇరానీ హోటల్లో చిన్న ఉల్లిపాయ సమోసాలు నాలుగు తిని, కుప్పల ముందు గొంతుక్కూర్చుని వెతకండి. మొదటి పేజీలో ఎవరో ఎవరికో రాసిచ్చిన సంతకాలు ఉంటాయి, అవి చదవండి. రెండింటికి గది ఖాళీ చేసి, పర్సులో మిగిలినదాంతో ఇళ్లకి ఉస్మానియా బిస్కెట్లు కొనండి. తిరుగు ప్రయాణం కూడా నాంపల్లి నుంచే ఎక్కండి. బండి అక్కణ్నుంచే బయల్దేరుతుంది కాబట్టి తోపులాట లేకుండా సంచులు సర్దుకోవచ్చు. పుస్తకాలు సీటు కింద తోసేయండి. బిస్కెట్ల డబ్బా మాత్రం పై బెర్తులో తల దగ్గర పెట్టుకోండి, కిందపెడితే ఎవరి కాలో తగిలి రాజమండ్రి చేరేసరికి పొడైపోతుంది.